ప్లగ్గు ఒకటే, పిన్నులు వేరు
(ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, పెద్దలకు, కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న పిల్లలకు నమస్కారం. 1925 ఏప్రిల్ 18న ప్యారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ పుట్టింది కాబట్టి ఏటా ఈ రోజు మనకు పండగ. ఆ చరిత్ర మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడతాను గానీ, ముందు మైకు సంగతి తేలాలి.

బండిలో పెట్టుకునే మొబైల్ రేడియో సెట్టు వెనక యాంటెన్నా సాకెట్ చూడండి. కంపెనీ ఏదైనా చాలావరకు అదే ఎస్ఓ-239. కరెంటు తీగకైతే అమెరికాలో అత్యవసర సేవ చేసే హామ్‌లు, అంటే మనలాంటి అమెచ్యూర్ రేడియోవాళ్లు, ఆండర్సన్ పవర్‌పోల్ ప్లగ్గును తమలో తామే ఖాయం చేసుకున్నారు. ఒక్క మైకు దగ్గరే ఎవరి దారి వారిది.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్. విశాఖవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఆ తర్వాత ఒక సహాయ శిబిరం దగ్గర జీపులో సెట్టు పెట్టుకుని కూర్చున్నాం. తలుపు సందులో పడి మైకు తీగ తెగిపోయింది. ఇంకొకరి సంచిలో వేరే కంపెనీ మైకు ఉంది. అదే గుండ్రటి ఎనిమిది పిన్నుల ప్లగ్గు. గాడిలో చక్కగా కూర్చుంది, రింగు బిగిసింది. పీటీటీ, అంటే మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే మైకు మీట, నొక్కితే ట్రాన్స్‌మిట్ లైటు వెలగలేదు. భీమిలి వైపున్న కొడుక్కి తను క్షేమమని చెప్పమంటూ ఒకావిడ చీటీ పట్టుకుని జీపు పక్కనే నిలబడింది. సెట్టు బాగుంది, బ్యాటరీ బాగుంది, యాంటెన్నా బాగుంది. కబురు మాత్రం కదల్లేదు! చివరికి తెగిన తీగనే పళ్లతో ఒలిచి, రంగుకు రంగు మెలేసి, టేపు చుడితే అప్పుడు వెళ్లింది. ఆవిడ అంతసేపు అలా ఎందుకు నిలబడాలండీ? నాకు ఇప్పటికీ కోపమే.

ఎనిమిది పిన్నుల గుండ్రటి ప్లగ్గులో పీటీటీ ఐకామ్ కంపెనీ సెట్టుకు ఐదో పిన్ను, కెన్‌వుడ్ కంపెనీకి రెండోది, యాయెసు కంపెనీకి ఆరోది. పనిచేయకపోవడంతో ఆగితే నయమే. ఐకామ్ సెట్టులో రెండో పిన్ను మీద 8 వోల్టులు ఉంటాయి, ఎనిమిదో పిన్ను నుంచి ఆడియో బయటికి వస్తుంది. కెన్‌వుడ్ మైకు పీటీటీ నొక్కితే సరిగ్గా ఆ రెండు పిన్నులనే కలుపుతుంది. అంటే 8 వోల్టులు తిన్నగా ఆడియో అవుట్‌పుట్ మీద పడతాయి. పిల్లలూ, ఇది రాసుకోండి. ప్లగ్గు పట్టింది కదా అని పీటీటీ నొక్కొద్దు.

మైకు లోపలి క్యాప్సూల్, అంటే గొంతును కరెంటుగా మార్చే ముక్క, అది ఏ రకమో కూడా చూడాలి. ఎలక్ట్రెట్ రకం మైకుకు సెట్టు నుంచి డీసీ కరెంటు కావాలి, డైనమిక్ రకానికి అక్కర్లేదు. డీసీ వచ్చే సెట్టుకు డైనమిక్ మైకు తగిలిస్తే మధ్యలో కెపాసిటర్ వేసి ఆ డీసీని ఆపాలి.

ఇంటర్నెట్ కేబుల్ ప్లగ్గులాంటిది వచ్చాక బాధ తీరిందా? లేదు. యాయెసు సెట్లలోనే ఎఫ్‌టీ-8900కు ఆరు పిన్నులు, ఎఫ్‌టీ-857కు ఎనిమిది. పైగా పిన్నులు ఎటు నుంచి లెక్కపెట్టాలో కంపెనీ కంపెనీకీ మారుతుంది. మాన్యువల్‌లో బొమ్మ చూడకుండా నంబరు ఒక్కటే నమ్ముకుంటే వరసంతా తిరగబడుతుంది.

కంపెనీలు ఒక్క మాట మీదికి వస్తాయని నాకు ఆశ లేదు. పవర్‌పోల్ విషయంలో అమెరికా హామ్‌లు ఎవరి కోసం ఆగారు? మన క్లబ్బు ఒక్క పద్ధతి ఎంచుకుందాం. ప్రతి సెట్టుకూ జానెడు అడాప్టరు తీగ, ఒక కొన ఆ సెట్టుకు సరిపోయేది, రెండో కొన అందరిదీ ఒకటే. ప్రతి మైకు మీదా ఏ సెట్టుదో, ఎలక్ట్రెట్టో డైనమిక్కో రాసిన చీటీ. అక్టోబరు, నవంబరు తుఫాన్లకు ముందే ఇది అయిపోవాలి. అప్పుడు చేద్దామంటే అప్పుడు కరెంటు ఉండదు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కదు.

చరిత్ర వచ్చే ఏడాది చెబుతాను, అధ్యక్షులు మన్నించాలి. మల్టీమీటరు తెచ్చాను, ఆ పక్క బల్ల మీద ఐరన్ పెట్టించాను. మైకు తెచ్చుకున్నవాళ్లు సెట్టు మాన్యువల్‌తో సహా ఇటు రండి. ముందు ఎనిమిది పిన్నులవాళ్లు.