మొదటి బైక్ కొనేముందు: సీసీ కంటే ముందు చూడాల్సినవి

ఇక్కడికి వచ్చిన విద్యార్థులకు, వాళ్ల వెంట శ్రమ తీసుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

బండి నడపడం నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి ఎక్కడికి వెళ్లినా నన్ను అడిగేది ఒకటే: "సార్, ఏ బండి తీసుకోమంటారు?" అడిగేవాళ్ల మనసులో అప్పటికే ఒక బండి ఖాయమై ఉంటుంది. దాని పేరు నా నోటి నుంచి కూడా వింటే ఇంట్లో ఒప్పించడం తేలికవుతుందని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో బండి అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆ ఇష్టం పదేళ్ల తర్వాత కూడా మీతో ఉండాలనే ఈ మాటలు చెబుతున్నాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందుకే షోరూమ్‌లో "పికప్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత" అని అడిగే ముందు, "ఇది ఎలా ఆగుతుంది?" అని అడగమంటాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. అడ్డం వచ్చినదాన్ని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఒక సెకను పోతుంది. బండి ఇంకా ఆగడం మొదలే కాలేదు, 17 మీటర్లు అయిపోయాయి. కొత్తగా నడిపేవాళ్లకు ఆ సెకను కాస్తా సెకనున్నర అవుతుంది. పైగా టెన్షన్‌లో ఏ బ్రేకు వేస్తున్నామో కూడా తెలియదు.

మన ఊళ్లలో బండి నేర్పేటప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్." ఆ మాట విన్న పిల్లలు ఏళ్ల తరబడి కాలి బ్రేకు మీదే నడుపుతారు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అంటే బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా పిండకుండా, పట్టు పెంచుకుంటూ నొక్కాలి, వెనక బ్రేకు కూడా తోడు ఉండాలి. బండి పడిపోయేది ఎక్కువగా హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, ఇసుక మీదో గభాలున నొక్కితే.

వరి కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, మీరందరూ చూసే ఉంటారు. రాత్రిపూట సగం రోడ్డు మీద కుప్ప, దాని మీద కవరు, కవరు ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు. ఎదురుగా లారీ లైటు కళ్లలో పడుతున్నప్పుడు ఆ కుప్ప పదిహేను మీటర్ల దూరంలో గానీ కనపడదు. కంగారులో కాలి బ్రేకు తొక్కేస్తాడు కుర్రవాడు. వెనక చక్రం తిరగడం ఆగిపోయి పక్కకు జారుతుంది, బండి అడ్డం పడుతుంది. రైతుకు కల్లం లేక రోడ్డు మీద పోశాడు, ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ రోడ్డు మీదే మనం నడపాలి కాబట్టి వేగమూ, బండీ దానికి తగ్గట్టు ఉండాలి.

ఇక్కడే ఏబీఎస్ సంగతి వస్తుంది. చక్రం బిగుసుకుపోతోందని గమనించి, బ్రేకును సెకనులో చాలాసార్లు వదులుతూ పట్టుకునే ఏర్పాటు అది. వడ్ల మీద, ఇసుక మీద దానివల్ల బండి తక్కువ దూరంలో ఆగుతుందని అనుకోకండి. కానీ చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి హ్యాండిల్ మన మాట వింటుంది, పక్కకు తప్పించుకునే వీలుంటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ ఉండాలి. 125, అంతకు తక్కువ బళ్లకు ఆ 2019 నిబంధనలో సీబీఎస్ చాలన్నారు, అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. సింగిల్ ఛానెల్ ఏబీఎస్ ముందు చక్రానికే పనిచేస్తుంది, డ్యూయల్ అయితే రెండింటికీ. స్టిక్కర్లకు, అలాయ్ రంగులకు పెట్టే డబ్బు దీనికి పెట్టమని అమ్మానాన్నలను ప్రత్యేకంగా కోరుతున్నాను.

తర్వాత బరువు. హీరో స్ప్లెండర్ 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. తేడా ఒక నిండు మనిషంత. బండి పరుగెత్తేటప్పుడు ఈ బరువు తెలియదు. ట్రాఫిక్‌లో మెల్లగా మలుపు తిరిగేటప్పుడు, పెట్రోల్ బంకులో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. షోరూమ్‌లో బండి డబుల్ స్టాండ్ మీద ఉంటుంది, ఎక్కి కూర్చుంటే ఏ బండైనా మనదే అనిపిస్తుంది. స్టాండ్ తీయించండి. రెండు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, మునివేళ్లు ఆనితే చాలదు. హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, కూర్చునే నాలుగడుగులు వెనక్కి నెట్టండి. ఆయాసం వస్తే ఆ బండి ఇప్పుడు వద్దు. సీటు ఎత్తు ఒక్కటే చూడకండి, వెడల్పు సీటుకు కాళ్లు ఎడమై పాదం అందదు.

పవర్ విషయం చిన్నది. స్ప్లెండర్‌కు 8 హార్స్‌పవర్ ఉంటే కేటీఎం 390 డ్యూక్‌కు 40 దాటుతుంది, అయిదింతలు. డ్యూక్ చెడ్డ బండి కాదు, చాలా మంచి బండి. కానీ గుంత వచ్చినప్పుడు చెయ్యి కదిలి యాక్సిలరేటర్ కొద్దిగా తిరిగితే స్ప్లెండర్ క్షమిస్తుంది, డ్యూక్ ముందుకు దూకుతుంది.

నా సలహా అడిగితే, ఊళ్లో, కాలేజీకి తిరిగేవాళ్లకు హోండా షైన్ లాంటి 125. అదే తరగతిలో ఏబీఎస్ కావాలంటే హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ ఏబీఎస్ మోడల్ ఉంది. రోజూ హైవే ఎక్కక తప్పనివాళ్లకు యమహా ఎఫ్‌జెడ్ లాంటి 150. బుల్లెట్ మీద మనసున్నవాళ్లు ఒకటి రెండేళ్లు ఆగండి, అది ఎక్కడికీ పోదు.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి ఆలోచనే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు నిండుగా కనిపించినా అయిదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చేదాకా ఎక్కకండి.

హెల్మెట్ ధరను ఆన్ రోడ్ ధరలో కలిపే లెక్క వేయండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉండాలి, గడ్డం కూడా కప్పేది కావాలి. పెట్టుకుని తల ఊపితే హెల్మెట్ తలతోపాటే తిరగాలి. పిల్లవాడికి కొన్నరోజే వెనక కూర్చునేవాళ్లకూ ఒకటి కొనండి.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పద్దెనిమిది నిండని పిల్లలకు బండి ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ప్రమాదం లేకపోయినా, మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది.

బయట గ్రౌండ్‌లో మూడు బళ్లు పెట్టించాం: ఒక 100, ఒక 125, ఒక 350. ఈరోజు ఎవరూ స్టార్ట్ చేయరు. వరసగా వచ్చి స్టాండ్ తీసి కూర్చోండి, వెనక్కి నెట్టి చూడండి, పాదాలు ఎంత ఆనుతున్నాయో మీ నాన్నగారినో అమ్మగారినో పక్కన నిలబడి చూడమనండి. ప్రశ్నలుంటే అక్కడే అడగండి, చీకటి పడేదాకా ఉంటాను.