గాస్కెట్ మార్చినా ఆయిల్ కారుతోందా? షెవీ 350కి పీసీవీ వాల్వులు, క్యాచ్ క్యాన్ల రివ్యూ

నమస్కారం అండీ. టేబుల్ మీద ఏమేం ఉన్నాయో చూడండి. ఇది పార్ట్స్ షాపులో పది డాలర్ల లోపు దొరికే మామూలు పీసీవీ వాల్వు, అంటే ఇంజన్ కింది భాగంలో చేరే గ్యాస్‌ని మళ్ళీ ఇంజన్ పీల్చుకునేలా పంపేది. ఇది ఎం-ఈ వాగ్నర్ వాళ్ల డ్యూయల్ ఫ్లో, మనమే సెట్ చేసుకునే పీసీవీ. ఈ పక్కన ఆ గ్యాస్‌తో వచ్చే ఆయిల్‌ని పట్టే డబ్బాలు, రెండు క్యాచ్ క్యాన్లు: ఒకదాని లోపల అడ్డుపలకలు, జాలీ ఉన్నాయి, ఇంకోటి ఉత్త డబ్బా. అమెరికాలో పాత కమారోనో, సీ-10 ట్రక్కునో కొని, 350 స్మాల్ బ్లాక్‌లో పెద్ద క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే షాఫ్ట్) వేయించి, గరాజ్ నేల మీద మరకలు తుడుచుకుంటున్న మనవాళ్ల కోసం ఈ వీడియో.

ఏది కొనాలో తర్వాత. ముందు కొలవాలి. గాస్కెట్ మూడుసార్లు మార్చాక కూడా కారుతోందంటే, నాలుగో గాస్కెట్ కొనడం దండగ. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది, బ్లో-బై అంటాం. దానికి సరైన దారి లేకపోతే సీళ్ల సందుల్లోంచి దూరి పోతుంది, పోతూ ఆయిల్‌ని కూడా వెంటబెట్టుకుపోతుంది. మన బుల్లెట్ సంగతి వేరు. అక్కడ ఒక్కటే పిస్టన్, దిగిన ప్రతిసారీ క్రాంక్ కేసులోని (పిస్టన్ కింది ఖాళీలోని) గాలిని పంపు కొట్టినట్టు నొక్కుతుంది. వీ8లో నాలుగు దిగుతుంటే నాలుగు ఎక్కుతుంటాయి, కింద ఖాళీ పెద్దగా మారదు. ఇక్కడ ఒత్తిడి పెరిగితే బ్లో-బై ఎక్కువైనా అయ్యుండాలి, దాని దారి ఇరుకైనా అయ్యుండాలి.

కొలవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పావు అంగుళం పారదర్శక గొట్టం మూడు మీటర్లు తీసుకుని, చెక్క మీద యూ ఆకారంలో నిలువుగా బిగించండి. సగం వరకు నీళ్లు పోసి నాలుగు చుక్కల నీలిమందు కలపండి, మట్టం బాగా కనిపిస్తుంది. ఒక కొస డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా తొడగండి, రెండో కొస తెరిచే ఉంచండి. డిప్‌స్టిక్ గొట్టం అడుగు ఆయిల్‌లో మునిగి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, అప్పుడు ఆయిల్ మూత దగ్గర కలపండి. ఐడిల్‌లో ఇంజన్ వైపు నీళ్లు పైకి లాగాలి, రెండు మట్టాల తేడా 5 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటే బాగున్నట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సున్నా దగ్గర ఉండాలి, కాస్త ప్లస్‌లోకి వెళ్లినా ఫర్వాలేదు. 70 సెంటీమీటర్లంటే 1 పీఎస్ఐ. అంతదాకా వచ్చిందంటే డిప్‌స్టిక్ తనంతట తనే పైకి లేచినా ఆశ్చర్యపోకండి. రోడ్డు మీద ఈ నీళ్ల గొట్టంతో తిప్పలు పడొద్దు, 0-5 పీఎస్ఐ గేజో, రీడింగులు రాసిపెట్టే లాగర్‌కి కలిపిన మ్యాప్ సెన్సరో (ఒత్తిడి కొలిచేది) పెట్టండి.

ఇంకో చిన్న పరీక్ష, చాలామంది చేయరు. ఐడిల్‌లో పీసీవీ గొట్టం తీసేసి, ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే భాగం) వైపు రంధ్రం మూయండి. బ్రీదర్ (వాల్వ్ కవర్ మీద గాలి పోయే దారి) కూడా కొన్ని సెకన్లు మూయండి. ఇంజన్ బాగుంటే లోపల ఒత్తిడి మెల్లగా పెరగాలి. అలా కాకుండా వాక్యూమ్ పెరుగుతోందా? ఇంటేక్ గాస్కెట్ వ్యాలీ వైపు (రెండు సిలిండర్ వరసల మధ్య పల్లం వైపు) లీకై, కింది ఆయిల్‌ని సిలిండర్లలోకి లాగుతోంది. బయట చుక్క కనపడదు, ఆయిల్ మాత్రం తగ్గుతూ ఉంటుంది.

ఇప్పుడు మామూలు పీసీవీ. దీని లోపల స్ప్రింగు మీద చిన్న ముల్లు ఉంటుంది, ఊపితే టకటకమంటుంది. ఐడిల్‌లో వాక్యూమ్ ఎక్కువ కాబట్టి ముల్లు లోపలికి లాక్కుపోయి దారి సన్నబడుతుంది. క్రూజింగ్‌లో దారి విప్పుకుంటుంది. స్టాక్ క్యామ్‌తో ఐడిల్ వాక్యూమ్ 18 అంగుళాలు (పాదరసం లెక్కలో) ఉన్న బండికి ఇది చాలు, ఇంకేమీ కొనొద్దు. పెద్ద క్యామ్ వేశాక వాక్యూమ్ 10 అంగుళాలకు పడిపోయి గేజ్ సూది ఊగుతుంటే, ముల్లుకి ఎక్కడ ఆగాలో తెలియదు. ఐడిల్‌లోనే దారంతా తెరుచుకుని గాలి ఎక్కువైపోతుంది, మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది, పైగా ఆయిల్‌ని కూడా పీల్చేస్తుంది.

డ్యూయల్ ఫ్లో పనికొచ్చేది ఇక్కడే. ఐడిల్‌లో ఎంత గాలి పోవాలో ఒక సర్దుబాటు, ఏ వాక్యూమ్ దగ్గర క్రూజింగ్ దారికి మారాలో ఇంకో సర్దుబాటు. వాక్యూమ్ మరీ తక్కువగా, నిలకడ లేకుండా ఉంటే స్థిరమైన ఒకే రంధ్రంగా కూడా వాడుకోవచ్చు. ఖరీదు మామూలు వాల్వుకి ఎన్నో రెట్లు. పెద్ద క్యామ్ ఉంటే కొనండి, లేకపోతే ఆ డబ్బు మంచి గాస్కెట్ల మీద పెట్టండి. కొని గేజ్ లేకుండా అంచనాగా బిగిస్తే మాత్రం పది డాలర్లదానికీ దీనికీ తేడా ఉండదు.

ఏ పీసీవీ అయినా ఒకటి గుర్తుంచుకోండి: పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు, అంటే పీసీవీ లాగదు. సరిగ్గా అప్పుడే బ్లో-బై అన్నిటికంటే ఎక్కువ. ఆ సమయంలో దిక్కు బ్రీదరే. పీసీవీ ఒక వాల్వ్ కవర్ మీద, బ్రీదర్ రెండో దాని మీద ఉండాలి. బ్రీదర్ గొట్టం కనీసం ఐదెనిమిదో వంతు అంగుళం, అంటే 16 మిల్లీమీటర్లు, ఎయిర్ ఫిల్టర్‌లో శుభ్రమైన గాలి ఉండే వైపు కలపాలి. గొట్టం లావుది వేసి, మలుపు దగ్గర సన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్ పెడితే మొత్తం ఆ సన్న రంధ్రమే అయిపోతుంది. మెరిసే అల్యూమినియం కవర్లు కొనేముందు తిప్పి చూడండి. పీసీవీ రంధ్రం కింద రేకు అడ్డు లేకపోతే రాకర్ల నుంచి చిమ్మే ఆయిల్ నేరుగా లోపలికి పోతుంది. ఇక ఆ ఫోమ్ బ్రీదర్ టోపీలు నాకు నచ్చవు. ఆవిరి వదిలి కవర్‌ని తడిపేస్తాయి, జనం కవర్ గాస్కెట్ కారుతోందని మళ్ళీ బోల్టులు బిగిస్తారు, రేకు అంచు వంగి అప్పుడు నిజంగానే కారుతుంది. నాలుగు బోల్టుల పాత రేకు కవర్లకు సుమారు 50 ఇంచ్-పౌండ్లు చాలు.

క్యాచ్ క్యాన్. ఉత్త డబ్బాలో లోపలికొచ్చే గొట్టం, బయటికెళ్లే గొట్టం పక్కపక్కనే ఉంటాయి. ఆవిరి అటు దూరి ఇటు పోతుంది. ఇది కొనొద్దు. జాలీ ఉన్నదాన్ని పీసీవీకి, మానిఫోల్డ్‌కి మధ్య పెట్టండి, ఎగ్జాస్ట్‌కి దూరంగా, చల్లటి చోట. కొన్ని వందల మైళ్ల తర్వాత బయటికెళ్లే గొట్టంలోకి తెల్ల టిష్యూ దూర్చి చూడండి, తడి ఉంటే క్యాన్ పనిచేయట్లేదు. అడుగున పేరుకున్నది చూడండి: పాలు ఎక్కువైన కాఫీ రంగు, పెట్రోల్ వాసన. నీళ్లు, ఇంధనం, ఆయిల్ కలిసినది. తిరిగి ఇంజన్‌లో పోయొద్దు.

ఇంకా కారుతుంటే చోటు వెతకాలి. ఇంజన్ కడిగి, 30 మిల్లీలీటర్ల యూవీ డై ఆయిల్‌లో కలిపి, 20 నిమిషాలు తిప్పి, యూవీ టార్చ్ పట్టండి. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్ అతికే చోటు) కింద చుక్క కనపడగానే రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక కొస సీల్) అని గేర్‌బాక్స్ దించేస్తారు. ఆగండి, ముందు డిస్ట్రిబ్యూటర్ వెనక టార్చ్ వేయండి. ఇంటేక్ మానిఫోల్డ్ వెనక అంచు లీకైతే ఆయిల్ బ్లాక్ వెనకగా జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఆ అంచుకి కార్క్ ముక్క వద్దు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, 6 మిల్లీమీటర్ల లావు ఆర్టీవీ (సిలికాన్ సీలెంట్) వరసగా పెట్టి, కొసల్లో గాస్కెట్ మీదికి అర అంగుళం ఎక్కించి, మానిఫోల్డ్‌ని పక్కకి జరపకుండా నిటారుగా దించండి. 12 బోల్టులు, మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో 30 ఫుట్-పౌండ్లు.

నిజంగానే రియర్ సీల్ అయితే, 1985 వరకు వచ్చిన ఇంజన్లలో అది రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే. రెండు ముక్కలదైతే సీల్ పెదవి (లిప్) ఇంజన్ ముందు వైపుకు తిరిగి ఉండాలి. అతుకులు క్యాప్ అతుకుతో కలవకుండా ఓ 10 మిల్లీమీటర్లు తిప్పి పెట్టండి.

అన్నీ సరిగా ఉన్నా గేజ్‌లో ఒత్తిడి తగ్గకపోతే లీక్-డౌన్ పరీక్ష చేయండి, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత నిలుస్తుందో చూడటం. 100 పీఎస్ఐ ఇస్తే 90 దాకా నిలిస్తే మంచిదే. 80 కంటే తగ్గి, ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులే. 4 అంగుళాల బోర్‌కి మామూలు స్ట్రీట్ ఇంజన్‌లో పై రింగు గ్యాప్ సుమారు 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). అక్కడ పోయినదాన్ని ఏ వాల్వూ, ఏ క్యానూ ఆపలేవు.

చివరిగా, పీసీవీలో ఏం మార్చినా కార్బురేటర్ ఐడిల్ మిక్స్చర్ స్క్రూలు మళ్ళీ సెట్ చేయండి, లోపలికి పోయే గాలి మారింది కదా. డల్లాస్ లాంటి చోట్ల క్యాన్‌ని ఆయిల్ మార్చినప్పుడు ఖాళీ చేస్తే సరిపోతుంది. చికాగో చలికాలంలో మాత్రం వారానికోసారి చూడండి, అడుగు నీళ్లు గడ్డకట్టి గొట్టం మూసుకుంటే మీరు తగ్గించిన ఒత్తిడంతా ఒక్క రాత్రిలో వెనక్కి వస్తుంది.