పన్నెండు చుక్కల గ్రాఫ్: రీసెర్చ్‌లో కలిసి పనిచేయడానికి ఏ టూల్ పనికొస్తుంది?

నమస్తే అండి. ముందు స్క్రీన్ మీద ఈ గ్రాఫ్ చూడండి. మన వైజాగ్ సముద్రం పైనీటి ఉష్ణోగ్రత ఇది. మొత్తం 12 చుక్కలు. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, అలా డిసెంబర్ దాకా నెలకొకటి. అన్నీ 3వ తేదీనే. ఏడాది పొడవునా పద్ధతిగా కొలిచినట్టే ఉంది కదా? కానీ మేం కొలిచింది ఒక్క మార్చిలోనే. 2024 మార్చి, రోజుకొకటి చొప్పున 31 రీడింగులు.

ఏం జరిగిందంటే, నేను పంపిన సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) తేదీలు మనం రాసే పద్ధతిలోనే ఉన్నాయి. ముందు రోజు, తర్వాత నెల. కొచ్చిలో ఉన్న ఫ్రెండ్ దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచాడు. అతని ల్యాప్‌టాప్‌లో తేదీల సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది. దానికి 01/03 అంటే జనవరి 3, 12/03 అంటే డిసెంబర్ 3. మరి 13/03? పదమూడో నెల లేదు కాబట్టి అది తేదీయే కాదనుకుని మామూలు అక్షరాల కింద వదిలేసింది. అలా 19 రీడింగులు గ్రాఫ్‌లోకే రాలేదు. మిగతావి ఏ నెలలోవో మేమెవరం అడగలేదు. మా దగ్గర ఏడాది డేటా ఉందని అతననుకున్నాడు, అతనేదో పాత డేటా కలిపాడని నేననుకున్నాను. "అన్ని చుక్కలూ 3వ తేదీనే ఎందుకున్నాయక్కా?" అని మా జూనియర్ అడిగేదాకా వారం రోజులు దాని మీదే కూర్చున్నాం.

జన్యువుల మీద పనిచేసేవాళ్ళకి ఇంతకన్నా పెద్ద దెబ్బే తగిలింది. మార్చ్1, సెప్ట్2 అని జన్యువులకి పేర్లుండేవి. ఎక్సెల్‌లో పెడితే అవి తేదీలైపోయేవి. 2016లో అచ్చైన ఒక అధ్యయనంలో, జన్యువుల జాబితాలని ఎక్సెల్‌లో జతచేసిన పేపర్లు తిరగేస్తే దాదాపు అయిదింట ఒక వంతులో ఈ తప్పు కనిపించింది. చివరికి జన్యువుల పేర్లే మార్చాల్సొచ్చింది. 2020 నుంచి అవి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్2.

అందుకే ఇవాళ్టి రివ్యూలో వీడియో కాల్స్, చాట్ యాప్స్ జోలికి పోను. మాట్లాడుకోవడానికి మాకెప్పుడూ లోటు లేదు, రోజూ మాట్లాడుకుంటూనే తప్పు చేశాం. ఒకరు చేసిన మార్పు రెండోవాళ్ళ కంటపడుతుందా లేదా? నేను చూసేది అదొక్కటే.

ఆ లెక్కన నా మొదటి ఓటు గిట్‌కి, అంటే ఫైళ్ళలో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌కి. లైనక్స్ తయారు చేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని రాశారు, లైనక్స్ ప్రోగ్రామర్లు కలిసి పనిచేసుకోవడానికి. ఇప్పుడు మా ఫైల్ చూపిస్తాను, దగ్గరగా చూడండి. ఎర్రరంగులో ఉన్న లైను పాతది: 01/03/2024, పక్కన ఉష్ణోగ్రత. దాని కింద ఆకుపచ్చ లైను కొత్తది: 2024-03-01, పక్కన అదే ఉష్ణోగ్రత. ఏడాది, నెల, రోజు అనే ఈ వరసని ఎవరూ రెండు రకాలుగా చదవలేరు. పైన మార్చినవాళ్ళ పేరు, టైము, ఎందుకు మార్చారో ఒక్క వాక్యం ఉన్నాయి. దీన్నే కమిట్ అంటారు. ఆ వాక్యం రాసేటప్పుడు బద్ధకించకండి. "అప్‌డేట్ చేశాను" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు.

నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి, గిట్‌లో ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ మొత్తం చరిత్ర ఉంటుంది. నెట్ లేకపోయినా పని ఆగదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరండి మనది. కరెంటు, ఫోన్లు లేకుండా రోజుల తరబడి గడిపాం. డేటా ఒక్క ల్యాబ్‌లో, ఒక్క హార్డ్‌డిస్క్‌లో ఉంటే నాకు నిద్రపట్టదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి రెండు వారాలు కమాండ్లు తికమక పెడతాయి, ఓపిక పట్టాలి. ఎక్సెల్ ఫైల్ పెడితే ఏ గడి మారిందో గిట్ చూపించలేదు, కాబట్టి సీఎస్‌వీగానే ఉంచండి. గిట్ ఫైళ్ళని నెట్‌లో పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో ఒక్కో ఫైలు 100 ఎంబీ దాటకూడదు. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాళ్ళకి అది చాలదు.

జూపిటర్ నోట్‌బుక్ సంగతి. కోడు, గ్రాఫు, మన వివరణ ఒకేచోట ఉంటాయి. ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ నుంచి 2014లో ఇది పుట్టింది. కొత్తవాళ్ళకి పని నేర్పడానికి దీన్ని మించింది లేదు. కానీ సెల్స్‌ని, అంటే అందులోని కోడు ముక్కల్ని, పైనుంచి కిందకి కాకుండా ఇష్టమొచ్చిన వరసలో నడిపితే, మీ దగ్గర వచ్చిన జవాబు అవతలివాళ్ళ దగ్గర రాదు. పక్కన బ్రాకెట్లో అంకెలు చూడండి, అవి నడిపిన వరస: 1, 2, 7, 4. ఇలా ఉంటే ఆ నోట్‌బుక్‌ని నమ్మకండి. పంపేముందు రీస్టార్ట్ చేసి అన్నీ మళ్ళీ నడపండి.

పేపర్ రాయడానికి ఓవర్‌లీఫ్ అనే సైటు బాగుంది, అందులో లేటెక్ అనే కోడుతో రాస్తాం. ఒకే పేజీలో ఇద్దరూ టైప్ చేసుకోవచ్చు. లేటెక్ రానివాళ్ళని మాత్రం బలవంతపెట్టకండి, గూగుల్ డాక్స్ చాలు.

డేటాని నలుగురికీ ఇవ్వాలంటే జెనోడో అనే సైటు. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టిన సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలోనే 2013 నుంచి నడుస్తోంది. ఉచితం, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా పెట్టుకోవచ్చు. డీఓఐ నంబర్, అంటే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తారు కాబట్టి మీ డేటా వాడుకున్నవాళ్ళు దాన్ని పేపర్‌లో పేర్కొనవచ్చు. పొద్దున్నే బోటెక్కి నీళ్ళు తోడిన పిల్లలకి ఆ గుర్తింపు దక్కాలని నా కోరిక.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, ఇక్కడివాళ్ళతో కలిసి ఈ తీరంలో అప్‌వెల్లింగ్ మీద పనిచేశారు. నైరుతి గాలి తీరం వెంట వీస్తే పైనీరు బయటికి జరుగుతుంది, అడుగునున్న చల్లని నీరు పైకొస్తుంది. మా మార్చి రీడింగులు కూడా దానికోసమే. వాళ్ళ ఫలితాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. అప్పట్లో అవి చూడాలంటే లైబ్రరీకే వెళ్ళాల్సొచ్చేది.

ఇప్పుడు ఆర్గో చూడండి. ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 తేలియాడే పరికరాలు. ఒక్కోటీ 10 రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఆ డేటా ఎవరికైనా ఉచితం. మన దేశం తరఫున హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చూసుకుంటుంది. అవి లోతైన సముద్రంలో తిరిగేవి, మన హార్బర్ దగ్గరి నీళ్ళు మనమే కొలవాలి. కానీ వాళ్ళ నుంచి మేం నేర్చుకున్నది ఒకటుంది. తప్పు రీడింగ్‌ని వాళ్ళు చెరిపేయరు. పక్కన ఫ్లాగ్ పెడతారు: మంచిదైతే 1, చెడ్డదైతే 4. చూసేవాళ్ళకి అంకె కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదని కూడా తెలుస్తుంది.

మా ఫైల్లో కూడా ఇప్పుడు ఆ కాలమ్ ఉంది. నిన్న రాత్రి మా జూనియర్ పంపిన మార్పు చూడండి. మార్చి 19 రీడింగ్‌కి ఫ్లాగ్ 1 తీసి 4 పెట్టింది. కింద ఇలా రాసింది: "బకెట్ ఎండలో ఉండిపోయింది, పది నిమిషాల తర్వాత థర్మామీటర్ పెట్టాను, అప్పుడు చెప్పలేదు." కొచ్చి ఫ్రెండ్ చూసి సరేనన్నాడు. మీ ముందే మెర్జ్ నొక్కుతున్నాను, అంటే ఆ మార్పుని అసలు ఫైల్లో కలుపుతున్నాను. ఫైల్ లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది, తప్పులు దొరికితే పంపండి.