హీట్ సినిమా స్లోనా, మాస్టర్‌పీసా? ఈ పంచాయితీ ఇయ్యాల తెంపుదాం

నమస్తే అన్నలు, అక్కలు, హన్మకొండ నుంచి మల్లొచ్చిన. ఇయ్యాల 1995ల వచ్చిన హీట్ గురించి మాట్లాడుకుందాం, మైకేల్ మాన్ తీసిండు, అల్ పాచినో పోలీసు, రాబర్ట్ డి నీరో దొంగ. దోపిడీ సినిమాలల్ల దీన్ని మించింది లేదని కొందరంటరు, ఇంకొందరేమో గంటకే నిద్రొచ్చిందంటరు, మా కాజీపేట దోస్తులల్ల సుత ఇదే లొల్లి. ముందుగాల్నే చెప్తున్న, కథ మొత్తం విప్పి చెప్తా, చూడనోళ్లు ఇక్కడనే ఆపి చూసొచ్చినంక రాండ్రి.

(స్క్రీన్ మీద: సినిమా నిడివి, 170 నిమిషాలు)

నచ్చలేదన్నోళ్ల మొదటి మాట ఇదే, దొంగతనం సినిమా అని కూసుంటే ఇంటి ముచ్చట్లు చూపిస్తుండేంది, పోలీసాయన ఇంట్ల భార్యతోని పంచాది, డి నీరో గ్యాంగుల ఇంకో దొంగ ఇంట్ల వాని భార్యతోని పంచాది, ఇవన్ని కోసేసి గంటన్నర చేస్తే మస్తుగుంటుండె కదా అని.

ఆ గంటన్నర సినిమా ఆల్రెడీ ఉందన్నా. ఇదే కథను మాన్ 1989లనే ఎల్.ఏ. టేక్‌డౌన్ అని టీవీ కోసం తీసిండు, అదే పోలీసు, అసొంటి గ్యాంగే, బ్యాంకు దోపిడీ ఉంది, ఇద్దరు కూసోని కాఫీ తాగే సీను సుత ఉంది, ఇంటి ముచ్చట్లు మాత్రం చానా తక్కువ. రెండూ పక్కపక్కన చూడుండ్రి, చిన్నది చకచకా పోతది గని అందులో ఎవ్వడు పడిపోయినా మనకు ఏమనిపియ్యది. అదే డైరెక్టరు అదే కథ మల్ల తీస్కొని టైమంతా ఎక్కడ పెట్టిండు? ఇండ్లల్ల పెట్టిండు. నా లెక్కల హీట్ గొప్పదనం అక్కడనే ఉన్నది.

(స్క్రీన్ మీద: హోటల్ వంటింట్ల బ్రీడన్)

బ్రీడన్ అనేటోన్ని తీస్కోండ్రి. జైలుకెళ్లి బయటికొచ్చి ఒక చిన్న హోటల్ల వంటపని దొరికిచ్చుకుంటడు, ఆ మేనేజరేమో జీతంల పావు వంతు నాకియ్యి అంటడు, ఎదురు మాట్లాడితే మల్ల జైలే, భార్య మాత్రం నువ్వు నిలబడినవ్, నాకు గర్వంగుంది అని ధైర్యం చెప్తది. వీడు కథకు ఎందుకు అని చానామంది విసుక్కుంటరు, మెయిన్ గ్యాంగుతోని వీనికి సంబంధమే కనవడది కదా. తర్వాత బ్యాంకు దోపిడీ రోజున గ్యాంగు డ్రైవరు వెనక పోలీసులు పడ్డరు, వాడు రాలేడు, డి నీరో అదే హోటల్ల తినుకుంట వీన్ని చూసి వస్తవా అని అడుగుతడు. వీడు ఒక్క క్షణం ఆలోచించి ఆ పని అక్కడనే ఇడిసిపెట్టి బయల్దేరుతడు, కొద్దిసేపట్లనే స్టీరింగ్ ముందల చచ్చిపోతడు. ముందల ఆ రెండు మూడు చిన్న సీన్లు లేకుంటే బండ్ల ఎవడో డ్రైవరు చచ్చిండు అంతే, ఎవ్వరికి యాదికుండడు.

ఇగ ఆ కాల్పుల సీను, దీన్ని నచ్చనోళ్లు సుత మెచ్చుకుంటరు. లాస్ ఏంజెలెస్ నడి ఊర్ల, పెద్ద పెద్ద బిల్డింగుల మధ్యల తీసిన్రు, తుపాకుల సప్పుడు తర్వాత స్టూడియోల పెట్టకుండ షూటింగప్పుడు అక్కడ రికార్డయిందే ఎక్కువ వాడిన్రు. దీపావళికి ఇరుకు గల్లీల లక్ష్మీబాంబు పేలిస్తే రెండు దిక్కుల గోడలకు కొట్టుకొని ఎట్లొస్తదో అట్లొస్తది. మ్యూజిక్ సుత లేదు. ఫోన్ స్పీకర్ల విని ఏముంది ఇందుల అనకుండ్రి, ఇయర్‌ఫోన్లన్న పెట్టుకోని ఒక్కసారి వినుండ్రి.

కాఫీ సీను మీద సుత గొడవనే. పాచినో, డి నీరో ఇద్దరు 1974ల గాడ్‌ఫాదర్ రెండో భాగంల ఉన్నరు గని ఒక్క సీన్ల సుత కలవరు, ఒకాయన కథ ఒక కాలంల, ఇంకొకాయనది ఇంకో కాలంల నడుస్తది. ఇన్నేండ్లకు ఎదురుంగ కూసుంటే కొట్టుకుంటరనుకున్నం, ఉత్తగ మాట్లాడి లేచిపోయిన్రు అని బాధ. ఇద్దరి మొఖాలు ఒకే ఫ్రేముల సక్కగ కనవడయ్ గన్క వేరేవేరేగ తీసిన్రని పుకారు సుత ఉంది, అది అబద్ధం, రెండు కెమెరాలు పెట్టి ఒకేసారి తీసిన్రు. పైగ ఇది కల్పించిందిగాదు. చికాగోల చక్ ఆడమ్‌సన్ అనే డిటెక్టివు 1960లల్ల నీల్ మెకాలీ అనే నిజం దొంగతోని నిజంగనే కాఫీ తాగిండు, తర్వాత 1964ల ఆ దొంగ పోలీసు కాల్పుల్లనే పోయిండు. సినిమాల డి నీరో పేరు అదే పెట్టిన్రు. రేపు ఒకన్నొకడు కాల్చుకోవాలె అని తెలిసి సుత ఇద్దరు తమ కలల గురించి చెప్పుకుంటరు సూడు, ఆ సీన్ల నేనైతే ఊపిరి బిగపట్టి కూసుంటా.

అట్లని అన్ని ఒప్పుకోను. పాచినో సవతి బిడ్డ కథ నిజంగనే సగంల వదిలేసిన్రు, ఆ పిల్ల లోపట ఏం నడుస్తుందో చూపియ్యకుండనే ఒక్కసారి ఆసుపత్రి సీను తెచ్చిపెట్టిన్రు. వేన్‌గ్రో అనేటోడు గ్యాంగుకు ద్రోహం చేసుడు చాలదా, వాన్ని ఆడపిల్లలను చంపేటోన్ని సుత చేసుడెందుకు? ఇక్కడ విసుక్కున్నోళ్ల దిక్కే నేను.

చివరి మలుపు మాత్రం తప్పంటే ఊకోను. పోలీసు వాసనొస్తే 30 సెకన్లల్ల ఇడిసిపెట్టలేనిది ఏదీ దగ్గర పెట్టుకోవద్దు అనేది డి నీరో రూలు. పక్క సీట్ల ప్రేమించిన మనిషి, చేతిల పైసలు, విమానం ఎక్కుడే ఆలస్యం, అప్పుడు వేన్‌గ్రో ఏ హోటల్ల ఉన్నడో తెల్వంగనే బండి మలుపుతడు. గంత తెలివైనోడు గిట్ల చేస్తడా అని అడుగుతరు. మనుషులను ఇడిసిపెట్టుడు నేర్చుకున్నడు గని కోపాన్ని ఇడిసిపెట్టుడు ఎన్నడు నేర్చుకోలే, బండి మలిపేటప్పుడు ఆ మొఖం చూడుండ్రి, మాటలేం లేవు, అంత అక్కడనే తెలుస్తది. మీరైతే ఆ బండి మలుపుదురా? కింద రాయుండ్రి, ఒక్కొక్కటి చదువుతా.