ఇరుకు బోర్డులో లావు అక్షరం

అందరికీ నమస్కారం.

బీసెంట్ రోడ్డు మీదుగా నడిచి వచ్చాను. ఆనుకుని ఆనుకుని షాపులు, ఒక్కోదానికీ కాస్తంత జాగాలో బోర్డు. అంత జనంలో పేరు కనపడాలంటే అక్షరం లావుగా ఉండాలి, పక్కలకి ఇరుగ్గా ఉండాలి, ఎత్తుగా నిలబడాలి. ఇంగ్లీషులో అలాంటివి కొల్లలు. తెలుగులో ఎందుకు కష్టమో చెబుతాను.

మీ కంప్యూటర్లలో ఉండే ఇంపాక్ట్ ఫాంటునే చూడండి. జెఫ్రీ లీ గీశారు. 1965లో షెఫీల్డ్‌లోని స్టీఫెన్సన్ బ్లేక్ అనే అచ్చక్షరాల ఫౌండ్రీ విడుదల చేసింది. నిలువు గీతలు బండగా ఉంటాయి, మధ్య ఖాళీ సన్నటి చీలికంత. చిన్నబడి అక్షరాలు కూడా బాగా ఎత్తుగా ఉంటాయి. హెడ్డింగుకి బ్రహ్మాండం. పేరా మొత్తం దాంతో కూర్చితే మాత్రం కళ్లు నొప్పి పుడతాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో చాలావాటికి నిలువు గీతే వెన్నెముక, ఇరుకైనా నిలబడతాయి. మనది గుండ్రం. పోనీ ఎత్తు పెంచుదామంటే పైన గుడి, కింద ఒత్తులు. ‘స్త్రీ’ రాసి చూడండి. కింద తావత్తు, రావత్తు, పైన గుడిదీర్ఘం. అవన్నీ చోటు తీసుకున్నాక ‘స’కి మిగిలేది కొంచెమే.

అందుకని డీటీపీలో ఏం చేస్తాం? మామూలు ఫాంటుని పక్కల నుంచి నొక్కుతాం. నిలువు గీత చిక్కిపోతుంది, అడ్డగీత మాత్రం లావుగానే ఉండిపోతుంది. సున్న కోడిగుడ్డవుతుంది. బలం చాల్లేదని చుట్టూ ఔట్‌లైన్ కొడతాం. అసలు నష్టం అక్కడే. ‘ప’కి తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కి అంటుకుని ఉంటుంది. ఆ సందు పూడిందంటే ‘పంట’ కాస్తా ‘వంట’. ‘ఠ’ కడుపులో చుక్క చుట్టూ తెలుపు పోతే నల్లటి ముద్ద మిగులుతుంది. పనిలో చేరిన కొత్తలో నేను చేసిన ఫ్లెక్సీ చూసి ఒక రైతు “వంట రుణాలేంటి బాబూ?” అని అడిగారు. ఆయన సరిగ్గానే చదివారు. ఆ సందు పూడ్చింది నేను. ఆ రోజు నుంచే అక్షరాలు గీయడం మొదలుపెట్టాను.

ఇరుకు అక్షరాన్ని మొదటి నుంచీ ఇరుగ్గానే గీయాలి. పక్కలు చదును చేసి, వంపుని మూలలకి దాచాలి. రెండు గీతలు కలిసే చోట సన్నం చేయాలి. కుంచె పట్టిన పాత పెయింటర్లు ఆ మలుపులో చేతి బరువు తగ్గించేవాళ్లు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు. తలకట్టు కింద తెలుపు మాత్రం ఏం జరిగినా వదలకూడదు.

రామభద్రలాంటి లావు ఫాంట్లు మనకి ఉన్నాయి. ఇరుకైనవే తక్కువ. ఏక్ టైప్ వాళ్ల ‘అనేక్ తెలుగు’ చూడండి. సన్నం నుంచి లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు ఒకే ఫాంటులో జరుపుకోవచ్చు, పైగా ఉచితం.

ఈ బల్ల మీద రెండు ప్రింట్లు ఉన్నాయి. ఒకటి నొక్కింది, ఒకటి గీసింది. రెండింటిలోనూ ఉన్నది ‘పంట కాలువ’ అన్న మాటే. గది చివరి గోడ దగ్గరికి వెళ్లి చదివి రండి, తర్వాత మాట్లాడుకుందాం.