మత్తడి వెంట దిగివచ్చే పరాయి జీవులు

సభకు నమస్కారం.

మన వరంగల్, ములుగు, మహబూబాబాద్ ప్రాంతాల్లో చెరువుల ప్రస్తావన వస్తే కాకతీయులతో మొదలుపెట్టడం అలవాటు. రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు చెప్పుకుని గర్వపడతాం. ఆ గర్వం సబబైనదే. ఈరోజు మాత్రం ఆ చెరువుల్లోకి, వాటి కట్టల మీదికి, శిఖం భూముల్లోకి, అంటే చెరువు నీళ్ళు పరుచుకునే నేలల్లోకి, ఇతర ఖండాల నుంచి వచ్చి చేరిన మొక్కలూ చేపలూ ఇక్కడి జీవజాలాన్ని ఎలా మారుస్తున్నాయో వివరించదలిచాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. వీటిని ఒక్కో ఊరి చెరువులో విడివిడిగా తొలగిస్తే ఆ ఫలితం నిలవదు. పై చెరువు నిండి మత్తడి (మిగులు నీరు పొర్లే అలుగు) దుంకితే కింది చెరువు నిండేలా మన పెద్దలు కట్టిన గొలుసు మొత్తాన్ని ఒక్కటిగా చూసి, పైనుంచి కిందికి పని చేసుకుంటూ రావాలి.

బయటి నుంచి వచ్చిన ప్రతి జీవీ హాని చేస్తుందని నేను అనడం లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ను ఎర్రగా నింపే మిరప పోర్చుగీసు వారి ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చిందే. మక్క, టమాట కూడా అక్కడివే. రైతు విత్తి, నీళ్ళు పెట్టి, కలుపు తీస్తేనే ఇవి బతుకుతాయి. పోషణ మానితే చేను దాటి పోలేవు. తనంతట తాను విస్తరిస్తూ, పుట్టిన చోట తనను అదుపులో పెట్టిన పురుగులూ తెగుళ్ళూ ఇక్కడ లేకపోవడం వల్ల, స్థానిక జీవుల చోటును, తిండిని, వెలుతురును ఆక్రమించే జీవుల గురించే మనం ఆలోచించాలి.

వీటిలో మొదట చెప్పుకోవలసినది గుర్రపుడెక్క. దీని పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. ఊదారంగు పూల అందం చూసి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు. కొన్ని దశాబ్దాలకే అక్కడి కాలువలు పూడుకుపోయి పడవలు కదలక, 1936లో దాని నిర్మూలనకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఒక మొక్కను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకు కాడ కింది భాగం ఉబ్బి ఉంటుంది. దాన్ని అడ్డంగా కోస్తే గాలి నిండిన చిన్న చిన్న అరలు కనిపిస్తాయి. మొక్కను నీటిపై తేల్చేవి అవే. కింద వేళ్ళు కుచ్చులా నల్లగా వేలాడుతుంటాయి. విదిలిస్తే సన్నని బురదా, గుల్లలూ, నీటి పురుగులూ రాలిపడతాయి. పక్కకు సాగిన తీగ చివర మరో పిల్ల మొక్క సిద్ధంగా ఉంటుంది. అనుకూలమైన వేడి, తగినంత పోషకాలు దొరికితే రెండు వారాల్లోపే దీని విస్తీర్ణం రెట్టింపు కాగలదు. విత్తనాలు బురదలో పదిహేనేళ్ళకు పైగా మొలకెత్తే శక్తితో ఉంటాయి.

ఈ పచ్చని చాప నీటిని కప్పేస్తే వెలుతురు లోపలికి పోదు. నీటి అడుగున పెరిగే నాచూ ఇతర మొక్కలూ చనిపోతాయి, కుళ్ళే ఆకులు ఉన్న ప్రాణవాయువును లాగేసుకుంటాయి, పరకల వంటి చిన్న చేపలు ముందుగా తగ్గిపోతాయి. తామర, కలువలకు చోటు ఉండదు. ఆకుల మీద నడిచే తామరకోడి వంటి పక్షులు దీన్ని కొంతవరకు వాడుకుంటాయన్నది నిజమే. అయితే తెరిపి నీటిలో మునిగి చేపలు పట్టే పక్షులకు ఆ చెరువు లేనట్టే.

గుర్రపుడెక్కకు బలం మన మురుగునీరే. వరంగల్ నగరం మధ్యలోని భద్రకాళి చెరువును 2024 చివర్లో ఖాళీ చేసి పూడికతీత మొదలుపెట్టారు. అంత పెద్ద పని ఫలితం నిలవాలంటే చెరువులోకి వచ్చే మురుగు ఆగితీరాలి. బతుకమ్మకు ముందు ఘాట్ల దగ్గర గుర్రపుడెక్కను తీసి గట్టున కుప్పలు పోయడం పండుగ తొమ్మిది రోజులకు సరిపోతుందేమో గాని చెరువుకు సరిపోదు. ఈ మొక్కను మాత్రమే తినే, దాని పుట్టిన ఖండానికే చెందిన ముక్కు పురుగులను తెప్పించి, మన మొక్కలను ముట్టవని పరీక్షించి, 1980లలో బెంగళూరు చెరువుల్లో విడిచారు. అవి నెమ్మదిగా పని చేస్తాయి. యంత్రాలకు తోడుగా వాటిని ఇక్కడా వాడుకోవాలన్నది నా మాట.

ఇక చేపలు. తిలాపియాను 1952లో దేశానికి తెచ్చారు. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టి, వాటిని నోట్లో దాచి పొదిగే ఈ చేప అతి త్వరగా చెరువును నింపేస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. కేంద్రం 2000లోనే నిషేధించినా, కోడి వ్యర్థాలు వేసి గుంటల్లో దొంగతనంగా పెంచుతూనే ఉన్నారు. గాలి పీల్చగలదు కాబట్టి మురికినీటిలోనూ బతుకుతుంది; దొరికిన చేపనల్లా తింటుంది. మన రాష్ట్ర చేప కొర్రమీను వానాకాలంలో ఒడ్డున పిలక తుంగల మధ్య గుడ్లు పెట్టి, ఎర్రని పిల్లల గుంపును తల్లీతండ్రీ కాపలా కాస్తూ తిప్పుతాయి. ఎంత కాపలా కాసినా అంత పెద్ద తిండిబోతు ముందు ఆ గుంపు నిలవడం కష్టం. భారీ వానకు ఒక గుంట తెగితే అందులోని చేపలు వాగు పట్టి చెరువులోకి, ఆ చెరువు మత్తడి దుంకితే కింది చెరువులోకి చేరతాయి. గొలుసు మొత్తాన్ని చూడమని నేను పట్టుబట్టడానికి ప్రధాన కారణం ఇదే.

కట్టల మీదా ఫీడర్ కాలువల వెంటా అల్లుకున్న సర్కారు తుమ్మది మరో కథ. దసరాకు మనం మొక్కే జమ్మికి ఇది దగ్గరి చుట్టం. కాని పుట్టింది అమెరికా ఖండంలో. వంటచెరకు కోసం 1870ల చివర్లో కడప జిల్లాలో నాటించారు. తియ్యని కాయలను మేకలూ గొర్రెలూ తింటాయి, గింజలు అరగక పెంటతో పాటు శిఖంలో పడి మొలుస్తాయి. మిషన్ కాకతీయ కాలంలో చాలా కట్టల మీద జంగల్ కటింగ్ చేశారు. మొదలు దగ్గర నరికిన ప్రతి చెట్టూ నాలుగు కొమ్మలతో మళ్ళీ లేస్తుంది. వేరు మొదలుతో సహా పెకలించి, కట్ట గుల్లబారకుండా ఆ గుంతను మట్టితో దిమ్మిస కొట్టాలి. పేద ఇళ్ళకు ఇప్పటికీ ఇదే వంటచెరకు కనుక, ఒక్కసారిగా కాకుండా విడతలుగా తీసి, ఆ కలపను ఊరికే ఇవ్వడం న్యాయం. తీసిన చోట ఈత, తాటి, కానుగ నాటకపోతే వచ్చే వానకు వయ్యారిభామ అనే మరో పరాయి కలుపు మొక్క ఆక్రమిస్తుంది. ఎర్రనేలల్లో తంగేడు, గునుగు పలచబడటానికి క్వారీలూ ప్లాట్లూ పెద్ద కారణమైనా, వయ్యారిభామ పాత్ర కూడా తక్కువది కాదు.

పనికి వరుస ఉంది. ముందు పై చెరువు, దానిలోకి వచ్చే మురుగు. తర్వాత దాని మత్తడి వాగు. ఆ తర్వాతే కింది చెరువు. తీసిన గుర్రపుడెక్కను నీటికి దూరంగా ఎరువు చేయాలి. విత్తనాలు బురదలో ఉంటాయి కాబట్టి ప్రతి వానాకాలం లేత మొక్కలను ఏరే మనుషులకు కూలి కేటాయించాలి. చేపపిల్లలను వదిలే రోజున మత్స్యకార సంఘం సభ్యులు సంచులను కట్ట మీదే తెరిచి, ఏ జాతివో చూసి, మీసాల క్యాట్‌ఫిష్ పిల్లలు కనిపిస్తే ఆ సంచిని వెనక్కి పంపే హక్కు వారికి రాతపూర్వకంగా ఉండాలి. గొలుసులోని ఊళ్ళ సంఘాలన్నీ చేపపిల్లలను వదిలే సీజన్‌కు ముందే ఒకచోట కూర్చుని, ఈ హక్కు కోరుతూ తీర్మానం రాసి జిల్లా మత్స్యశాఖకు ఇవ్వాలని మనవి చేస్తున్నాను.