మైళ్లతో భూప్రదక్షిణ: ముందు మహాసముద్రాలు, తరువాతే ఊళ్లు

(తెరపై: బల్లమీద పాఠశాల గ్లోబు. పక్కనే ఎర్రని పట్టుదారం చుట్టిన కండె.)

నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ దారం మా వీధిలోని మగ్గం దగ్గర అడిగి తెచ్చుకున్నది. దీని ఒక కొసను టోక్యో మీద, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద అదిమిపట్టి బిగువుగా లాగుతున్నాను, చూడండి. పటంలో చూసినప్పుడు పసిఫిక్ మహాసముద్రం నడుమ తిన్నగా సాగుతుందనిపించే దారి, గ్లోబు మీదకు వచ్చేసరికి ఉత్తరానికి, అల్యూషన్ దీవుల వైపుకు వంగిపోయింది. గుండ్రని భూమి మీద ఆ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి ఇదే. దూరాన్ని బట్టి ఇచ్చే అవార్డు టికెట్లకు, అంటే కూడబెట్టిన మైళ్లతో తీసుకునే టికెట్లకు, విమాన సంస్థలు లెక్కకట్టే దూరం కూడా ఈ దారం పొడవునే చెబుతుంది, విమానం నిజంగా ఎగిరిన దారిని కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ గగనతలం మన విమానాలకు మూసుకుపోయిన తరువాత ఢిల్లీ నుంచి ఐరోపాకు వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చినా, అవార్డు లెక్కలో ఆ అదనపు దూరం చేరదు.

ఈ విషయం చెప్పడానికి ఒక కారణం ఉంది. పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి, బాబాయిగారికి కొడుకు టోక్యోలోనూ, కూతురు న్యూజెర్సీలోనూ ఉన్నారు. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో ఇటువంటి కుటుంబాలు ఇప్పుడు కొత్త కాదు. కొడుకును చూడడానికి ఒక ఏడాది తూర్పుకు వెళ్లి రావడం, కూతురిని చూడడానికి మరొక ఏడాది పడమరకు వెళ్లి రావడం ఇంతవరకు వారికున్న పద్ధతి. రెండింటినీ ఒకే ప్రదక్షిణగా కలపవచ్చునని, అందుకు పిల్లలు సంవత్సరాల తరబడి కూడబెట్టిన ఫ్రీక్వెంట్ ఫ్లయర్ మైళ్లు, అంటే విమానాల్లో తిరిగినందుకు సంస్థలు ఖాతాలో జమ చేసే పాయింట్లు, సరిపోవచ్చునని నేను వారికి చూపించింది ఈ గ్లోబు మీదే.

(తెరపై: 1947 జూన్ 17. న్యూయార్క్ నుంచి కలకత్తా మీదుగా మళ్లీ న్యూయార్క్‌కు గీసిన గీత.)

భూగోళాన్ని చుట్టే విమానయానం మనకు మరీ దూరపు సంగతి కాదు. 1947 జూన్ 17న పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్క్ నుంచి ప్రారంభించిన తొలి భూప్రదక్షిణ విమానం కరాచీ, కలకత్తాలలో ఆగి వెళ్లింది. ఆ ప్రయాణంలో ఒకే సంస్థ మొత్తం దారిని నడిపింది. ఈనాడు ఆ పని చేసేవి విమాన సంస్థల కూటములు. 1997లో అయిదు సంస్థలతో మొదలైన స్టార్ అలయన్స్, 1999లో వచ్చిన వన్‌వరల్డ్, 2000లో వచ్చిన స్కైటీమ్ ఆ మూడు. ఒక సంస్థలో జమ అయిన మైళ్లతో అదే కూటమిలోని మరొక సంస్థ విమానంలో సీటు తీసుకునే వీలు ఉండడమే మన ప్రయాణానికి పునాది.

మన సరిహద్దు జిల్లాల వారికి ఈ మూడింటిలో ఒక తేడా ముఖ్యమైనది. 2014 జులైలో ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్‌లో చేరింది. మిగిలిన రెండు కూటముల్లో భారతీయ సంస్థ లేదు. అందువల్ల స్టార్ అలయన్స్ టికెట్‌లో భువనేశ్వర్ నుంచి గానీ విశాఖపట్నం నుంచి గానీ ఢిల్లీ వరకు వెళ్లే ఎయిర్ ఇండియా విమానాన్ని కూడా కలుపుకోవచ్చు. వన్‌వరల్డ్ టికెట్ అయితే ఢిల్లీయో, హైదరాబాదో, చెన్నైయో సొంత ఖర్చుతో చేరుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మైళ్లతో దొరికే భూప్రదక్షిణ టికెట్లు ఇప్పుడు కొద్దిపాటివే మిగిలాయి. చాలామంది మెచ్చుకున్న జపాన్ సంస్థ ఏఎన్ఏ పథకం 2025లో ఆగిపోయింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి మైళ్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో ఉన్న స్టార్ అలయన్స్ టికెట్‌కు 35,000 మైళ్ల దూరం, ఏడు విరామాలు, 16 విమానాలు గరిష్ఠ హద్దులు. తూర్పుకో పడమరకో ఒకే దిశలో సాగుతూ అట్లాంటిక్‌ను ఒకసారి, పసిఫిక్‌ను ఒకసారి దాటాలి. ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్‌లోని వన్‌వరల్డ్ టికెట్‌కు కూడా 35,000 మైళ్ల హద్దే, విరామాలు మాత్రం అయిదు. హాంకాంగ్ సంస్థ క్యాథే వారి ఏషియా మైల్స్ పథకంలో 50,000 మైళ్ల దూరం వరకు వెళ్లవచ్చు, అక్కడ మొత్తం దూరాన్ని బట్టి ధర శ్రేణులు మారుతాయి. విరామం అంటే ఒక ఊరిలో 24 గంటలకు మించి ఆగడం. అంతకు లోపు మరో విమానం ఎక్కితే అది మార్పిడి మాత్రమే, విరామాల లెక్కలోకి రాదు.

35,000 మైళ్ల దూరం సరిపోతుందా అని బాబాయిగారు అడిగారు. దారంతో కొలిచి చూపించాను. భూమధ్యరేఖ వద్ద భూమి చుట్టుకొలత 24,901 మైళ్లు. ఉత్తరానికి పోయే కొద్దీ ఆ చుట్టు తగ్గిపోయి, 40 డిగ్రీల అక్షాంశం వద్ద సుమారు 19,000 మైళ్లే ఉంటుంది. ఢిల్లీ నుంచి టోక్యో రమారమి 3,650, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 5,150, అక్కడి నుంచి న్యూజెర్సీలోని న్యూఆర్క్ 2,550, ఫ్రాంక్‌ఫర్ట్‌కు 3,850, తిరిగి ఢిల్లీకి 3,800. అంతా కూడితే 19,000. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ రాకపోకలకు మరో 1,600 వేసుకున్నా 35,000కు చాలా దూరంలోనే ఉంటాము. దక్షిణార్ధగోళంలోకి దిగి సిడ్నీ, శాంటియాగో వంటివి చేర్చినప్పుడే దూరం ఇబ్బంది పెడుతుంది. మన పెద్దవారి ప్రయాణాలకు సాధారణంగా అడ్డుపడేది దూరం కాదు, సీట్లు.

(తెరపై: ఖాళీ క్యాలెండరు. రెండు తేదీల చుట్టూ ఎర్ర గీత.)

ఇక్కడికి రాగానే దాదాపు అందరూ ఒక పొరపాటు చేస్తారు. మొదట చూడవలసిన ఊళ్ల జాబితా రాసుకుంటారు, ఒక్కొక్క ఊరికి తేదీలు వేసుకుంటారు, ఆ తరువాత సీట్ల కోసం వెతకడం మొదలుపెడతారు. ఆ క్రమంలో వెళ్లినవారు చివరకు ప్రపంచాన్ని చుట్టడం మైళ్లతో అయ్యే పని కాదని నిరాశపడి వదిలేస్తారు. దయచేసి ఆ క్రమాన్ని తలకిందులు చేయండి. నేతగారు ముందు పడుగు సిద్ధం చేసుకున్నాకనే పేక వేస్తారు కదా, మన ప్రయాణానికి పసిఫిక్ దాటే విమానం, అట్లాంటిక్ దాటే విమానం ఆ పడుగు వంటివి. ఈ రెండింటిలో సీట్లు ఏయే తేదీల్లో ఉన్నాయో తెలిసిన తరువాతనే మిగిలిన ఊళ్ల సంగతి ఆలోచించాలి.

ఎందుకంటే విమాన సంస్థ తన సీట్లన్నిటినీ భాగస్వాముల మైళ్లకు ఇవ్వదు. డబ్బుకు అమ్ముడుపోవని తాను అంచనా వేసిన కొన్నింటిని మాత్రమే విడుదల చేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఢిల్లీకి రావడానికి, న్యూఆర్క్ చేరడానికి ప్రత్యామ్నాయ దారులు అనేకం ఉంటాయి, వియన్నా మీదుగా, జ్యూరిక్ మీదుగా, ఇస్తాంబుల్ మీదుగా సర్దుకోవచ్చు. పసిఫిక్ మీద అటువంటి వెసులుబాటు తక్కువ. అందులోనూ భార్యాభర్తలిద్దరికీ ఒకే విమానంలో, బిజినెస్ తరగతిలో పక్కపక్కన సీట్లు కావాలంటే వారం రోజులు వెతికినా ఒకటి రెండు తేదీలే కనబడవచ్చు.

వెతకడానికి యునైటెడ్ సంస్థ వెబ్‌సైటు, ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ వెబ్‌సైటు బాగా ఉపయోగపడతాయి, స్టార్ అలయన్స్ భాగస్వాముల సీట్లు వాటిలో కనిపిస్తాయి. భువనేశ్వర్ నుంచి న్యూఆర్క్ అని మొత్తం దారి అడగకండి. టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో అని ఒక్క ముక్కనే అడగండి. తరువాత టోక్యో నుంచి సియాటిల్, షికాగో, వాంకూవర్, లాస్ ఏంజెలిస్ అని ఒక్కొక్కటిగా మార్చి చూడండి. దొరికిన తేదీ, విమానం నంబరు, తరగతి కాగితం మీద రాసుకోండి. ఇటువంటి టికెట్‌ను చాలా సందర్భాల్లో సభ్యుల సేవా కేంద్రానికి ఫోను చేసి తీసుకోవాలి కనుక, అక్కడి ఉద్యోగికి విమానాల నంబర్లను వరుసగా చదివి వినిపించగలిగితే పని ఎంతో సులువవుతుంది. మా పిన్ని ఆ కాగితాన్ని ఇప్పటికీ పంచాంగంలో దాచుకున్నారు.

సీట్లు సాధారణంగా ప్రయాణానికి 330 నుంచి 360 రోజుల ముందు తెరుచుకుంటాయి. రెండు నెలల ప్రయాణంలో మొదటి విమానం సీట్లు తెరుచుకున్న రోజున చివరి విమానం ఇంకా జాబితాలోకే రాదు. చివరిది తెరుచుకునే వరకు ఆగితే మొదటిది చేజారవచ్చు. నా అభిప్రాయంలో, సముద్రాలు దాటే రెండు విమానాలూ దొరికిన రోజునే టికెట్ తీసుకుని, తిరుగు ప్రయాణానికి అప్పటికి ఉన్న ఏదో ఒక తేదీ వేయించి, రుసుము చెల్లించి తరువాత మార్చుకోవడమే మేలు. తేదీ మార్పుకు నియమాలు ఏమిటో టికెట్ తీసుకునే ముందే అడిగి తెలుసుకోవాలి.

దిశ గురించి ఒక మాట. తూర్పుకు సాగినప్పుడు టోక్యోలో సాయంత్రం బయలుదేరిన విమానం అంతర్జాతీయ దినరేఖను దాటి, అదే తేదీ ఉదయానికి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది. పిన్నికి ఇది చెప్పినప్పుడు, ఏకాదశి రెండుసార్లు వస్తే ఉపవాసం ఏ రోజున ఉండాలని ఆమె చాలా శ్రద్ధగా అడిగారు. పడమర దిశలో రోజు పొడవు పెరుగుతుంది కనుక శరీరం అలవాటుపడడం కొంత తేలిక. అయినా సీట్లు ఏ దిశలో దొరికితే ఆ దిశకే మొగ్గు చూపమని నా సలహా.

(తెరపై: పాస్‌పోర్టు పేరు ఉండే పుట. వివరాలు కప్పి ఉంచాలి.)

మైళ్లతో తీసుకున్న టికెట్‌కు కూడా పన్నులు, రుసుములు డబ్బుగా చెల్లించాలి. కొన్ని సంస్థలు దీనిపై ఫ్యూయల్ సర్‌చార్జి (ఇంధనపు అదనపు రుసుము) పేరిట పెద్ద మొత్తం వేస్తాయి. అదే అట్లాంటిక్ దారిలో లుఫ్తాన్సా విమానానికి ఆ భారం ఎక్కువ, యునైటెడ్ విమానానికి ఉండదు. లండన్‌లో విరామం తీసుకుని బయలుదేరితే బ్రిటన్ ప్రభుత్వం వేసే ప్రయాణికుల సుంకం తోడవుతుంది. అదే టికెట్ మీద 24 గంటలలోపు మరో దేశానికి విమానం మారితే అది పడదు.

పేరు సంగతి మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గమనించాలి. ఇక్కడి పాఠశాలలో నా పేరు రాసినప్పుడు ఇంటిపేరు ఎగిరిపోయి, చివరనున్న రావు అనే మాటే ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది. పాస్‌పోర్టులోనూ అలాగే ఉంది. నేను మాత్రం విమాన సభ్యత్వం తీసుకునేటప్పుడు అభిమానంతో అసలు ఇంటిపేరు రాశాను. రెండూ కలవలేదని ఒక సంస్థ వారు నా మైళ్లను జమ చేయలేదు, సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పాస్‌పోర్టులో అక్షరాలు ఎలా ఉన్నాయో సభ్యత్వంలోనూ అలాగే ఉండాలి.

పిల్లల ఖాతాలోని మైళ్లతో తల్లిదండ్రులకు టికెట్ తీసుకోవచ్చు, కానీ నియమాలు ఒకేలా ఉండవు. క్రిస్‌ఫ్లయర్‌లో అయిదుగురి వరకు ముందుగా నామినీలుగా నమోదు చేయాలి. అక్కడి మైళ్లకు గడువు మూడేళ్లే. క్రెడిట్ కార్డు పాయింట్లను మైళ్లుగా మార్చడం సీట్లు కళ్లారా చూసిన తరువాతే చేయండి, ఒకసారి పంపిన పాయింట్లను బ్యాంకు వెనక్కి తీసుకోదు. నేను తొందరపడి మార్చిన మైళ్లు కొన్ని వాడకుండానే గడువు తీరిపోయాయి, ఆ బాధ మీకు రాకూడదు.

వీసాల్లో ముందుగా అమెరికాది తేల్చుకోవాలి. అమెరికాలో విమానం మారడానికి మాత్రమే దిగినా వీసా కావలసిందే, అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా మరో దేశపు విమానం ఎక్కే ఏర్పాటు లేదు. ఒడిశా వారు హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తారు, కనుక ఇంటర్వ్యూకు మనవారు తెలుగు నేల మీదకే వెళ్లవచ్చు. ఆ తరువాత జపాన్‌ది, ఐరోపాలో ఆగదలచుకుంటే అక్కడి చాలా దేశాలకు ఉమ్మడిగా ఉండే షెంగెన్ వీసా.

చివరి సంగతి ఇంటి నుంచి మొదటి విమానం వరకు. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానం ఉంది కదా, అక్కడి నుంచి మొదలుపెడితే పోలేదా అని చాలామంది అనుకుంటారు. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ కుటుంబానికి చెందినదే అయినా స్టార్ అలయన్స్ సభ్య సంస్థ కాదు, ఇండిగో కూడా కాదు. వాటిలో విడిగా తీసుకున్న టికెట్ ఆలస్యమై ప్రదక్షిణ టికెట్‌లోని మొదటి విమానం తప్పిపోతే, సాధారణంగా మిగిలిన విమానాలన్నీ రద్దవుతాయి. అలా విడి టికెట్ తప్పనిసరైతే నడుమ ఒక రాత్రి ఉంచుకోండి. టికెట్ చేతికి వచ్చాక ప్రతి సంస్థ దగ్గర విడిగా ఉండే ఆరు అక్షరాల బుకింగ్ కోడ్‌ను అడిగి రాసుకుని, నెలకొకసారి సమయాలు మారాయేమో చూడండి. బాబాయిగారు ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నమే పర్లాకిమిడి నుంచి కారులో బరంపురం వచ్చి, మా ఇంట్లో భోజనం చేసి, రైలులో భువనేశ్వర్ చేరి, ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే బస చేశారు.